పేజీ ఫాల్ట్ ఎవరి బాధ్యత? హైపర్‌వైజర్ మెమరీ నిర్వహణ – చారిత్రక పరిణామం

ప్రోగ్రాం కోరిన పేజీ ప్రధాన మెమరీలో లేకపోతే ప్రాసెసర్ ఆ పనిని ఆపి ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుస్తుంది. దీనినే పేజీ ఫాల్ట్ అంటారు. 1962లో మాంచెస్టర్‌లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌లో దీనిని పరిష్కరించే బాధ్యత ఒక్క సూపర్‌వైజర్‌దే. ఒకే కంప్యూటర్‌పై అనేక ఆపరేటింగ్ సిస్టమ్‌లను నడిపే హైపర్‌వైజర్ వచ్చాక, ఈ బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తలెత్తింది.

ఐ.బి.ఎం. 1972లో ప్రకటించిన వి.ఎం./370లో ఛాయా పట్టిక ఇందుకు సమాధానమైంది. అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ తన పేజీ పట్టికను తానే రాసుకుంటుంది. కాని ప్రాసెసర్ చదివేది హైపర్‌వైజర్ తయారుచేసిన ఛాయా పట్టికను. ఫాల్ట్ రాగానే హైపర్‌వైజర్ అతిథి పట్టికను పరిశీలిస్తుంది. అందులోనూ పేజీ లేకపోతే ఫాల్ట్‌ను అతిథికే అప్పగిస్తుంది. ఉంటే, తానే నిజమైన పేజీని సమకూర్చి ఛాయా పట్టికను సరిచేస్తుంది; ఈ సంగతి అతిథికి తెలియదు. ఇక్కడ ఒక్క నమోదు తప్పినా ఒక అతిథి సమాచారం మరొక అతిథికి బయటపడవచ్చు.

1999లో వి.ఎం.వేర్ వర్క్‌స్టేషన్ ఈ పద్ధతిని పర్సనల్ కంప్యూటర్లకు తెచ్చింది. అయితే అతిథి పట్టిక మారినప్పుడల్లా ఛాయా పట్టికనూ సరిచేయవలసి రావడం భారమైంది. ఎ.ఎం.డి. 2007లో, ఇంటెల్ 2008లో హైపర్‌వైజర్ పట్టికను కూడా ప్రాసెసరే నేరుగా చదివే ఏర్పాటు చేశాయి. అప్పటినుంచి అతిథి ఫాల్ట్‌లు నేరుగా అతిథికే చేరగలిగాయి. హైపర్‌వైజర్ పట్టికలో లోపమున్నప్పుడే అది జోక్యం చేసుకుంటుంది.

అయినా భారం పూర్తిగా తొలగలేదు. రెండు పట్టికలూ నాలుగేసి స్థాయిలవైతే, ఒక చిరునామా అనువాదానికి 4కు బదులు గరిష్ఠంగా 24 సార్లు మెమరీని చదవాలి. భారం సాఫ్ట్‌వేర్ నుంచి హార్డ్‌వేర్‌కు మారిందే తప్ప మాయం కాలేదని గ్రహించండి.