ఊరు వదిలినవాడికే ఊరిపేరు

సోమందేపల్లెలో పుట్టి అక్కడే బతికే మనిషిని ఆ ఊళ్లో ఎవరూ ‘సోమందేపల్లె వాడు’ అనరు. అందరిదీ అదే ఊరైనప్పుడు ఆ మాటతో తేలేదేముంది? అతను హిందూపురానికో పెనుకొండకో కాపురం మార్చాడంటే మాత్రం అక్కడివాళ్లకు అదే ఆనవాలు. ఊరిపేరుతో ఉన్న తెలుగు ఇంటిపేర్లలో చాలావాటి పుట్టుక ఇలాంటిదే. అవి ఉంటున్న ఊరిని కాదు, పెద్దలు వదిలొచ్చిన ఊరిని చెబుతాయి. సరిహద్దు అవతల ముద్దేనహళ్లిలో పుట్టిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య ఇంటిపేరు మోక్షగుండం. అది గిద్దలూరు ప్రాంతంలో ఆయన పూర్వికుల ఊరు. 1888లో తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ గారి సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. తరాలు గడిచి, చుట్టూ వినబడే భాష మారినా ఊరిపేరు మాత్రం ఇంటిని అంటిపెట్టుకునే ఉంది.

మరి తరిమెల నాగిరెడ్డి సంగతేమిటని అడగవచ్చు. ఆయన 1917లో పుట్టిందీ అనంతపురం జిల్లా తరిమెలలోనే, ఇంటిపేరూ తరిమెలే. అదే ఊళ్లో 1915లో పుట్టిన విద్వాన్ విశ్వం ఇంటిపేరు మాత్రం మీసరగండ. ఒకే ఊరివాళ్లలో ఒకరికే ఊరిపేరు దక్కడం గమనించాలి. నాగిరెడ్డిది భూస్వాముల ఇల్లు. వలసతో పాటు ఊరిమీద పెత్తనం కూడా ఊరిపేరును ఇంటికి తెచ్చిపెట్టగలదు. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. 12వ శతాబ్దంలో హార్ట్‌బర్న్ ఊరి విలియం అనేవాడు వాషింగ్టన్ అనే ఊరి భూమి పుచ్చుకుని, పాత ఊరిపేరు తీసేసి కొత్తది పెట్టుకున్నాడు. అమెరికా తొలి అధ్యక్షుడి వంశం అదే.

ఇంటిపేరు ఒకటైతే మూలపురుషుడూ ఒకడే అని మనవాళ్ల నమ్మకం. ఒకే కులంలో ఒకే ఇంటిపేరువాళ్లు వియ్యమందకపోవడం దానికి సాక్ష్యంగా చూపుతారు. అది ఆచారానికి సాక్ష్యమే గానీ రక్తసంబంధానికి కాదు. ఒక ఊరినుంచి వేర్వేరు కులాలవాళ్లు వలసపోతే అందరికీ ఆ ఊరిపేరే అంటుకోవచ్చు. 2000 నాటి అమెరికా జనగణనలో వాషింగ్టన్ పేరున్నవాళ్లు సుమారు 1,63,000 మంది. వారిలో దాదాపు 90 శాతం నల్లజాతివారు. బానిసత్వపు సంకెళ్లు తెగినవారు పౌరులుగా నమోదయ్యే వేళ ఆ పేరు ఎంచుకున్నారనడమే సబబు. అంతమందినీ విలియం సంతానమని ఎవరనగలరు?

ఊరిపేరు ఇలా ఇంటిపేరుగా పుట్టడం ఇప్పుడు ఆగిపోయింది. కరువు తరిమితే సోమందేపల్లె నుంచి 44వ జాతీయ రహదారి పట్టి బెంగళూరు చేరినవాడికి ‘సోమందేపల్లె’ అనే కొత్త ఇంటిపేరు రాదు. బడి రిజిస్టరు, ఆధార్, పాస్‌పోర్టు పాత పేరునే బిగించేశాయి. వలస మునుపటిలాగే సాగుతోంది. వలసపోయినవాడి వెంట ఊరిపేరు పోవడమే ఆగింది. రేపటి చరిత్రకారుడికి ఇంటిపేరు తాతల వలసను చెబుతుందేమో గానీ, మన వలసను చెప్పదు.