హెర్వీ బే తిమింగలాల వీక్షణం
ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో, క్‌గారి (K'gari; 2023 దాకా ఫ్రేజర్) దీవి చాటున ఉన్న ఉపోష్ణమండల అఖాతం హెర్వీ బే. అంటార్కిటిక్ జలాలకు తిరిగి వెళ్లే హంప్‌బ్యాక్ తిమింగలాలు ఏటా జులై నుంచి అక్టోబరు దాకా పిల్లలతో ఇక్కడ ఆగుతాయి. 1987లో మొదలైన పడవ యాత్రలే ఈ జాతిని నిలబెట్టాయనడం అతిశయోక్తి. 1962లో టాంగలూమా వేట కేంద్రం మూతపడటం, 1963లో దక్షిణార్ధగోళంలో హంప్‌బ్యాక్ వేటపై నిషేధం రావడమే అసలు కారణాలు. అయితే బతికున్న తిమింగలాన్ని జీవనాధారంగా మార్చి, దాని రక్షణకు స్థానికుల మద్దతు కూడగట్టింది పర్యాటకమే. పడవల రొద తల్లీపిల్లలను కలవరపెడుతుందన్న అభ్యంతరం సబబే. కానీ వందల్లోకి పడిపోయిన తూర్పు తీర సంతతి, యాత్రలు సాగుతుండగానే వేలల్లోకి పెరిగింది. కాబట్టి కావలసింది నిషేధం కాదు, కట్టుదిట్టమైన నియంత్రణ. మామూలుగా పడవలు తిమింగలానికి 300 మీటర్ల లోపు నెమ్మదించాలి, 100 మీటర్లకన్నా దగ్గరకు పోకూడదు.