జంతు నమూనాలు: మందుల పరిశోధనలో వాటి పాత్ర

మనిషికి వచ్చే జబ్బును, లేదా దానికి దగ్గరి జబ్బును, మరో ప్రాణిలో ఉంచి మందు పనితీరును గమనించే ఏర్పాటును జంతు నమూనా అంటారు. ఆ జబ్బు ప్రాణికి సహజంగా వచ్చిందైనా కావచ్చు, పరిశోధకులు రప్పించిందైనా కావచ్చు, జన్యువులు మార్చి పుట్టించిందైనా కావచ్చు. చిట్టెలుక, ఎలుక, గినీ పంది, కుందేలు, హ్యామ్‌స్టర్, కుక్క, కోతి ఈ పనిలో ఎక్కువగా కనిపిస్తాయి. తర్వాతి కాలంలో జీబ్రా చేప కూడా చేరింది. వీటిలో ఏదీ మనిషికి నకలు కాదు. ఒక్కో ప్రాణి కొన్ని ప్రశ్నలకే జవాబు చెప్పగలదు. ఏ ప్రశ్నకు ఏ ప్రాణిని ఎంచుకోవాలన్నదే ఇందులో అసలు నేర్పు. తెలుగువాడి చేయి ఉన్న బోదకాలు మందు చరిత్రలో ఈ సంగతి బాగా తెలుస్తుంది.

పత్తి ఎలుక, బోదకాలు మందు

కోస్తా జిల్లాలకు బోదకాలు తరతరాలుగా తెలిసిన జబ్బు. దానికి ప్రధాన కారణమైన ఉకరేరియా బాంక్రాఫ్టీ పురుగు మామూలు ప్రయోగశాల జంతువుల్లో బతకదు. కాబట్టి మందు వెతకబోయినవాళ్లకు మొదటి మెట్టులోనే చిక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ జబ్బు సోకడంతో అక్కడి పరిశోధకుల దృష్టి దీనిమీద పడింది. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు అప్పట్లో నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948).

అసలు పురుగు దొరకని చోట దాని దాయాదిని పట్టుకున్నారు. లిటోమోసోయిడిస్ కారినై అనే పురుగు పత్తి ఎలుకలో సహజంగానే ఉంటుంది. పెద్ద పురుగులు ఎలుక ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ఖాళీలో మకాం వేస్తాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు మనిషి బోదకాలులో లాగానే నెత్తుట్లో తిరుగుతాయి. ఒక ఎలుక నుంచి మరో ఎలుకకు వాటిని చేర్చేది దోమ కాదు, కంటికి ఆనీ ఆనని మైట్. పేరులో పత్తి ఉంది కదా అని దీన్ని చిలకలూరిపేట చుట్టుపక్కల చేలల్లో తిరిగే ఎలుక అనుకోకూడదు. ఇది అమెరికా దక్షిణ రాష్ట్రాల గడ్డినేలల్లో, పొలాల్లో బతికే సిగ్మోడాన్ హిస్పిడస్. మన గట్ల కింద బొరియలు తవ్వే పందికొక్కుకు దీనితో దూరపు చుట్టరికమే.

పరీక్ష చెప్పడానికి తేలిక. ఎలుక నుంచి చుక్క నెత్తురు తీసి మైక్రోఫైలేరియాలు లెక్కపెడతారు, మందు ఇస్తారు, మళ్లీ లెక్కపెడతారు. పిపెరజైన్ అనే రసాయనం నుంచి తయారుచేసిన పదార్థాలను ఇలా పరీక్షించి, డైఇథైల్‌కార్బమజైన్ పనిచేస్తోందని హ్యూవిట్, సుబ్బారావు, వాళ్ల సహచరులు 1947లో ప్రకటించారు. గుండెపురుగు సోకిన కుక్కల్లోనూ దాన్ని పరీక్షించారు. అదే ఏడాది పోర్టోరికోలో బోదకాలు రోగుల చికిత్స ఫలితాలు కూడా అచ్చయ్యాయి. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మందే, ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర.

ఇక్కడ ఎలుక చేసిన మేలు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. గాజు పాత్రలో ఉంచిన మైక్రోఫైలేరియాల మీద మామూలు మోతాదులో ఈ మందు ప్రభావం దాదాపు ఉండదు. ఒంట్లోనైతే అవి నెత్తుట్లోంచి త్వరగా తగ్గిపోతాయి. మందు ఒక్కటే కాక శరీర రక్షణ వ్యవస్థ కూడా కలిసి ఈ పని చేస్తుందని ఇప్పటి అవగాహన. గాజు పాత్రనే నమ్ముకుని ఉంటే ఈ మందును ఆనాడే పక్కన పెట్టేసేవారు.

అదే ఎలుక చెప్పలేనిది కూడా ఉంది. ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో ఆంకోసెర్కా అనే పురుగు వల్ల వచ్చే నదీ అంధత్వానికి ఇదే మందు ఇస్తే రోగికి తీవ్రమైన దురద, దద్దుర్లు, జ్వరం వచ్చాయి. కళ్లకూ ముప్పు కలిగింది. దీన్ని మెక్సికోలో మజోటి అనే పరిశోధకుడు 1948లో వివరించాడు. ఆ పురుగు పిల్లలు ఉండేది చర్మంలో, కంట్లో. నెత్తుట్లో పురుగు పిల్లలున్న ఎలుక నుంచి ఆ హెచ్చరిక రావడానికి దారే లేదు.

నియమాలు రావడానికి కారణాలు

జంతు పరీక్షలను చట్టాలు తప్పనిసరి చేయడం వెనుక విషాదాలున్నాయి. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, విషపరీక్ష ఏదీ లేకుండా అమ్మారు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మరుసటి ఏడాదే కొత్త చట్టం వచ్చింది. 1957లో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే మందు, గర్భిణులు వాడడంతో, వేల మంది శిశువులను కాళ్లూచేతులూ సరిగా లేకుండా పుట్టించింది. గర్భంతో ఉన్న జంతువులపై తగిన పరీక్షలు ముందుగా జరగలేదు. తర్వాత చేసి చూస్తే ఎలుకల్లో ఆ లోపాలు దాదాపు రాలేదు, కుందేళ్లలో వచ్చాయి. పిండంపై మందు ప్రభావాన్ని సాధారణంగా ఎలుకలోనూ కుందేలులోనూ చూడడం అందుకే.

రెండు జాతుల్లో చూసినా పూర్తి భరోసా లేదు. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. కోతులు తట్టుకున్న మోతాదులో అది ఐదువందలో వంతు మాత్రమే. ఆరుగురినీ ఇంటెన్సివ్ కేర్‌లో చేర్చాల్సి వచ్చింది. మనిషి రక్షణ కణాల్లో కొన్నింటి మీద ఉండే గ్రాహకం కోతుల్లో అవే కణాల మీద లేకపోవడమే కారణమని తర్వాత తేలింది.

హైదరాబాదు ఎలుకలు

తెలుగు నేల మీద ఈ రంగానికి పాత చిరునామా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు ఆరంభించిన చిన్న పరిశోధన విభాగం దీనికి మూలం. 1958లో అది హైదరాబాదుకు తరలింది. కూనూరు రోజుల నుంచి పెంచుతూ వచ్చిన ఎలుకల సంతతిలో 1996లో విపరీతంగా లావెక్కే ఎలుకలు కనిపించాయి. వాటి నుంచి డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అనే జాతి తయారైంది. ఊబకాయపు ఎలుకలకు సంతానం కలగదు. అందుకే ఆ లక్షణపు జన్యువును ఒక్క ప్రతిగానే మోసే ఎలుకల ద్వారా జాతిని నిలుపుతున్నారు. చక్కెరను సరిగా వాడుకోలేని మరో జాతి, డబ్ల్యూఎన్ఐఎన్/జీఆర్-ఓబీ, మధుమేహ పరిశోధనకు పనికొస్తుంది.

కోవిడ్ కాలంలో హైదరాబాదు దగ్గరి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌ను హ్యామ్‌స్టర్లలో, రీసస్ కోతుల్లో పరీక్షించారు. 20 కోతులను ఐదేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, మూడింటికి టీకా వేసి, తర్వాత అన్నిటికీ వైరస్ ఎక్కించి ఊపిరితిత్తులను పరిశీలించారు. మామూలు చిట్టెలుకకు తొలినాటి కరోనా వైరస్ సరిగా అంటదు. దాంతో హ్యామ్‌స్టర్‌కు గిరాకీ పెరిగింది.

చట్టం, చదువు

భారతదేశంలో ఈ ప్రయోగాలకు ఆధారం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, దానికింద వచ్చిన 1998 నియమాలు. ప్రయోగశాల నమోదై ఉండాలి, నైతిక కమిటీ అనుమతి ఉండాలి. వీలైతే జంతువు లేకుండా చేయడం, తప్పకపోతే సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం అనే మూడు సూత్రాలను రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లో చెప్పారు. కమిటీలు నేటికీ ఆ మూడింటినీ చూస్తాయి. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లో దేశం నిషేధించింది. కొత్త మందుల విషయంలో, మానవ కణాలతోనూ కంప్యూటర్‌తోనూ చేసే పరీక్షలకు చోటిస్తూ 2023లో నియమాలు మారాయి.

మార్పు ముందుగా తెలిసింది తరగతి గదిలోనే. ఒకప్పుడు బీఫార్మసీ ప్రాక్టికల్స్ అంటే కప్ప గుండె, కుందేలు కన్ను. ఇప్పటి పాఠ్యప్రణాళిక ప్రకారం నరసరావుపేటలోనైనా గుంటూరులోనైనా విద్యార్థి ఆ ప్రయోగాలను సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తాడు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ అలాంటిదే. ఎంఫార్మసీ, పీహెచ్‌డీ స్థాయిలో మాత్రం కమిటీ అనుమతితో జంతువుల మీద పని కొనసాగుతోంది.