నాలుగు నెలల్లో పుట్టింది, ఆర్డర్‌కి మూడేళ్ళు పట్టింది: మన హైదరాబాద్ ఎస్‌ఎంజీ ‘అస్మి’ కథ

సాతంరాయి నుంచి ఇంకో ఎపిసోడ్. మధ్యలో విమానం సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి, ఎయిర్‌పోర్ట్ మనకి పక్కనే కదా.

గేమ్‌లో ఎస్‌ఎంజీ అంటే మీకు నేను చెప్పాల్సిన పని లేదు. దిగగానే ఏదో ఒక ఇంట్లోకి దూరతాం, కింద పడి ఉన్న యూఎంపీ తీసుకుంటాం, అయిపోయింది. దాన్ని ఎవరు చేశారు, ఎంతయింది, ఎన్నాళ్ళు పట్టింది అని ఎవడూ అడగడు. కానీ నిజం ప్రపంచంలో అసలు చరిత్ర అంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది.

ముందు బేసిక్స్. ఎస్‌ఎంజీ అంటే సబ్‌మెషీన్ గన్. పిస్టల్‌లో వాడే చిన్న తూటానే వాడుతుంది, కానీ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరసగా పేలుతుంది. దూరం కొట్టలేదు. గదిలో, సందులో, వాహనంలో పనికొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, జర్మన్లు కందకాల్లో కొట్లాడ్డానికి ఎంపీ-18 అనేది దింపారు. అక్కడి నుంచి ఈ రకం తుపాకీ పాపులర్ అయింది.

ఇక స్టెన్‌గన్. ఈ పేరు మీ తాతయ్యకి కూడా తెలిసి ఉంటుంది. 1940లో డంకర్క్ దగ్గర నుంచి తప్పించుకుని వచ్చేటప్పుడు బ్రిటిష్ సైన్యం ఆయుధాలు చాలావరకు అక్కడే వదిలేసింది. జర్మన్లు ఎప్పుడైనా దిగొచ్చు, చేతిలో తుపాకుల్లేవు. దాంతో 1941లో షెపర్డ్, టర్పిన్ అనే ఇద్దరు చాలా సింపుల్ డిజైన్ ఒకటి తయారుచేశారు. వాళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు ఎస్, టి, వాటికి ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలోని ‘ఎన్’ కలిపితే స్టెన్. ఎక్కువ భాగం రేకు, గొట్టం, వెల్డింగ్. పిల్లల బొమ్మలు చేసే లైన్స్ బ్రదర్స్ కంపెనీ కూడా వీటిని చేసిందంటే అర్థం చేసుకోండి. మొత్తం 40 లక్షల పైనే తయారయ్యాయి.

సూపర్ కదా? కానీ ఒక సమస్య. పొరపాటున కింద పడితే స్టెన్ తనంతట తానే పేలే ప్రమాదం ఉండేది. తొందర్లో, చవకగా చేసిన వస్తువుకి అసలు ధర దాన్ని పట్టుకున్న సైనికుడు కట్టాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1946 జూలై 4న కడవెండిలో, ఇప్పుడది జనగామ జిల్లా, దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాడు. కాల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. అటు పక్క తుపాకులు, ఇటు పక్క ఊరోళ్ళ చేతిలో కర్రలు, వడిసెలలు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకి తుపాకీ దొరికే ముఖ్యమైన దారి ఒకటే: ఎదుటోడి దగ్గర లాక్కోవడం.

సరే, నిజాం ప్రభుత్వం దగ్గర డబ్బుంది కదా, దాని పరిస్థితి ఏంటి? 1947 నవంబర్ 29న భారత్‌తో యథాతథ ఒప్పందం కుదిరింది, కానీ ఆయుధాలు రావట్లేదు. సంస్థానం చుట్టూ ఇండియానే, సముద్రం లేదు. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ పైలట్ రంగంలోకి దిగాడు. 1948లో కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో ఆయుధాలు నింపుకుని బీదర్, వరంగల్ రన్‌వేల మీద దొంగచాటుగా దించాడు. అయినా ఏమైంది? సెప్టెంబర్ 13న ఆపరేషన్ పోలో మొదలైంది, 17న నిజాం చేతులెత్తేశాడు. ఆ తర్వాత జరిగిన మారణకాండ చిన్న మాటలో చెప్పేది కాదు, దానికి వేరే ఎపిసోడ్ చేద్దాం. ఇక్కడ మనకి కావాల్సింది ఒకటే: అంత సంపన్నమైన రాజ్యం కూడా యుద్ధానికి కావాల్సిన ఆయుధాల కోసం ఇంకొకడి విమానం మీద ఆధారపడింది.

ఇక స్వతంత్ర భారతం సంగతి. మన సైన్యం బ్రిటిష్ స్టెర్లింగ్ డిజైన్‌తో కాన్పూర్‌లో కార్బైన్లు చేసుకుని దశాబ్దాల పాటు వాడింది. అవి పాతబడ్డాయి, కొత్తవి దొరకలేదు. 2018లో 93,895 కార్బైన్ల కోసం యూఏఈ కంపెనీ కారకల్‌ని ఎంచుకున్నారు, 2020లో అది కాస్తా రద్దయింది.

అప్పుడొచ్చింది అస్మి. 2021 జనవరిలో బయటపెట్టారు. మహూలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్, పుణేలోని డీఆర్‌డీవో ల్యాబ్ ఏఆర్‌డీఈ కలిసి నాలుగు నెలల్లో డెవలప్ చేశాయి. 9 ఎంఎం తూటా. పై భాగం విమానాల్లో వాడే రకం అల్యూమినియం, కింది భాగం కార్బన్ ఫైబర్. ట్రిగ్గర్ భాగాలకి మెటల్ త్రీడీ ప్రింటింగ్ వాడారు. ఒక్కోటి 50 వేల లోపే అవుతుందని ప్రభుత్వం చెప్పింది.

దీన్ని తయారు చేసేది ఎవరో తెలుసా? మన బాలానగర్‌లోని లోకేష్ మెషీన్స్. సీఎన్‌సీ మెషీన్లు, ఇంజిన్ భాగాలు చేసే కంపెనీ. 2024 ఏప్రిల్‌లో ఆర్మీ నార్తర్న్ కమాండ్ నుంచి వాళ్ళకి 550 అస్మిల ఆర్డర్ వచ్చింది, విలువ సుమారు 4.26 కోట్లు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. ఒక్కోటి సుమారు 77 వేలు పడుతుంది. తయారీ ఖర్చు, అమ్మకం ధర ఒకటి కాదు, అది వేరే విషయం. కానీ డెమో రోజు చెప్పే అంకెకీ, బిల్లులో కనిపించే అంకెకీ మధ్య ఎప్పుడూ దూరం ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన వాళ్ళకి ఇది బాగా తెలుసు. లాప్‌టాప్‌లో నడిచే కోడ్ వేరు, లక్షమంది వాడే ప్రొడక్షన్ వేరు. డిజైన్‌కి నాలుగు నెలలు, ఆర్డర్‌కి మూడేళ్ళ పైనే. “ఇంత లేటా?” అని కామెంట్ పెట్టే ముందు స్టెన్‌ని గుర్తుచేసుకోండి. దుమ్ములో, మంచులో, కింద పడినా, వేలసార్లు పేల్చినా ఒకేలా పనిచెయ్యాలి. మొదటిది ఎంత బాగుందో 550వది కూడా అంతే బాగుండాలి. మన దగ్గర బగ్ వస్తే ప్యాచ్ వేస్తాం. అక్కడ బగ్ వస్తే ఒక జవాన్ ఇంటికి రాడు.

అలాగని ఆలస్యమంతా టెస్టింగ్ వల్లే అనుకోకండి. కారకల్ కథలో ఆగిపోయింది తుపాకీ కాదు, ఫైళ్ళు. జాగ్రత్తగా పరీక్షించడం వేరు, నిర్ణయం తీసుకోకుండా నాన్చడం వేరు. మొదటిది జవాన్‌ని కాపాడుతుంది, రెండోది అతని చేతిలో పాత తుపాకీనే ఉంచుతుంది.

నాకైతే ఈ కథలో హీరో తుపాకీ కాదు, ఆ సీఎన్‌సీ మెషీన్ ముందు నిలబడి ఒకే కొలతని వందలసార్లు తప్పకుండా తెచ్చే ఆపరేటర్. ఐటీఐ, డిప్లొమా చేస్తున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ పని చిన్నదని ఎవరైనా అంటే ఈ ఎపిసోడ్ లింక్ పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.