కొండ పేర్లలో దాగిన చరిత్ర



మన ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్యే గడిచింది. ఏ కాగితం చేతికొచ్చినా ముందుగా పేరు, తేదీ చూడడం గుమాస్తాగా నాకు అబ్బిన అలవాటు. పదవీ విరమణ తర్వాత ఆ అలవాటుతోనే మన విశాఖ చుట్టుపట్ల కొండల పేర్లు పరిశీలిస్తూ వచ్చాను. జనం నోట నిలిచిన పేరు కూడా ఒక రికార్డే.

అనకాపల్లి దగ్గరి శంకరం గ్రామాన్నే తీసుకోండి. వినగానే శివుడు గుర్తుకొస్తాడు. కాని బౌద్ధ భిక్షువుల నివాసమైన 'సంఘారామం' వాడుకలో అరిగి 'శంకరం' అయిందని పండితుల మాట. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ అని రెండు కొండలున్నాయి. లింగాలకొండ మీద వరుసలు తీరి కనిపించేవి శివలింగాలు కావు. కొండరాతినే తొలిచిన చిన్న చిన్న స్తూపాలు. 1907-08లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్యుల రాగి నాణేలు దొరికాయి. హీనయాన, మహాయాన, వజ్రయానాలు మూడింటి ఆనవాళ్లూ ఇక్కడున్నాయి.

భీమిలి రోడ్డున ఉన్న తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. బావికొండకు బావుల వల్ల వచ్చింది. కొండ మీద ఏరు లేదు, చెరువు లేదు. వానాకాలంలో భిక్షువులు సంచారం మాని ఒకచోట ఉండాలని బౌద్ధ నియమం. ఆ వాన నీటినే ఒడిసిపట్టి ఏడాది పొడవునా వాడుకున్నారు. బావికొండలో 1982-87 తవ్వకాల్లో ఎముక ముక్క ఉన్న పాత్ర బయటపడింది. అది బుద్ధుని ధాతువేనని పలువురి విశ్వాసం. తొట్లకొండ 1976లో నౌకాదళం సర్వేలో వెలుగు చూసింది. 1988-93 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించగా శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి.

మన రేవు 1933లో ప్రారంభమైంది. అంతకు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే దూరదేశపు సొమ్ము ఈ తీరానికి చేరిందన్నమాట! భిక్షువు సంపాదించడు. వర్తకుడు, రైతు, చేతిపనివాడు ఇస్తేనే ఆరామం నిలుస్తుంది. వర్తకం సన్నగిల్లి, రాజాదరణ వైదిక మతం వైపు మళ్లాక ఆరామాలు క్రమంగా పాడుపడ్డాయి.

తర్వాత వచ్చింది మరపు. బుద్ధుణ్ణి దశావతారాల్లో చేర్చుకున్న మనమే ఆయన కొండను మరచిపోయాం. కనుమనాడు బొజ్జన్నకొండ తీర్థంలో అక్కడున్నది రాక్షసుడని నమ్మి రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. ఆ రాయి వెనుక ద్వేషం లేదు, తెలియకపోవడమే ఉంది. అందుకే నచ్చజెప్పి మాన్పించడానికి పురావస్తు శాఖ, చరిత్రాభిమానులు పూనుకున్నారు.

మనుషుల సంగతి అలా ఉంచితే వానా గాలీ ఊరుకోవు. 2019 అక్టోబరు వర్షాలకు తొట్లకొండ మహాస్తూపం కూలింది. రాళ్లను తిరిగి పేర్చవచ్చు. ఆ రాళ్లు ఏమిటో చెప్పేవారు లేకపోతే పేర్చి ప్రయోజనమేమిటి?

పింఛనుదారులకు తీరిక ఉంది, ఇంట మనవలున్నారు. సెలవు రోజున వారిని ఒక్కసారి ఆ కొండలకు తీసుకెళ్లి, ఆ పేర్లకు అర్థం చెప్పవలసిందిగా సభ్యులందరికీ నా మనవి.