బొంత అంచు: మన సీమ వస్త్రచరిత్రలో ఒక పుట

తాడిపత్రికి వచ్చిన యాత్రికుడు పెన్న యొడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గోపురములను, ఊరిలో చింతల వేంకటరమణుని ఆలయమును దర్శించి, విజయనగరకాలపు శిల్పుల పనితనమును కొనియాడి పోవును. ఆ శిల్పులను గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. మిద్దెలపై ఎండకు ఆరవేసిన బొంతలకు అంచులు కుట్టిన స్త్రీలను గూర్చి వ్రాసినవారు అరుదు. ఈ రజతోత్సవ సంచికలో ఆ కొరతను కొంత తీర్పవలెనని నా యుద్దేశము.

చినిగిన చీరలను, పంచెలను మూడు నాలుగు పొరలుగా పరచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి కూర్చినదే బొంత. సంస్కృతమున దీనిని కంథ యందురు. వంగదేశపు కాంథా ఆ పేరుతోనే ప్రసిద్ధి కెక్కినది. పొరుగున కన్నడసీమలో కౌది యందురు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు ఆఫ్రికా సంతతివారు. వారు తమ బొంతల మూలలయందు గుడ్డను ముక్కోణముగా మడిచి పువ్వులు కుట్టుదురు. అవి లేని బొంత వారి దృష్టిలో దిగంబరము!

బొంత మొదట చెడునది అంచుననే. నడిమి భాగమును కుట్లు పట్టియుంచును. అంచు మాత్రము చేతులు పట్టి లాగుటచేతను, నేలకు రాయుటచేతను, ఉతుకుబండ దెబ్బలచేతను పొరలు విడి పోగులు లేచును. అందుచేతనే పట్టీ వేయుట. ఆ పట్టీని రెండు విధముల కత్తిరింపవచ్చును. పడుగు వెంట తిన్నగా కత్తిరించినచో గుడ్డ ఆదా యగును. కాని మడత మొనమీద ఒకటి రెండు పోగులే పొడుగునా నిలుచును. అవి అరిగినచో అంచంతయు చీలును. పడుగునకు పేకకు నడుమ ఏటవాలుగా కత్తిరించినచో పోగులన్నియు మడతను అడ్డముగా దాటును. ఒకటి తెగినను ప్రక్కది ఆదుకొనును. పైగా అట్టి పట్టీ సాగును గనుక మూలయొద్ద ముడుత పడక తిరుగును. దర్జీలు దీనిని క్రాసుపట్టీ యందురు. కుట్టునపుడు దానిని లాగరాదు. లాగినచో బొంత అంచు ముడుచుకొనును. ముందువైపు కుట్టి, వెనుకకు మలచి, కొసను లోనికి మడిచి చిన్న కుట్లతో ముగింపవలెను.

ఇంత మేలైన పద్ధతి పాత బొంతలలో నాకు కానరాలేదు. దీనికి కారణము తెలివిలేమి యని నేనొప్పుకొనను. ఏటవాలుగా కత్తిరించినచో గుడ్డకు రెండువైపుల ముక్కోణపు తునకలు మిగిలిపోవును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో గుడ్డను అట్లు వృథా చేయుట కెవరికి చేతులాడును? మన స్త్రీలు చీర అంచునే పట్టీగా వాడిరి. చీర అంచున పడుగు ఒత్తుగా నుండును. నడుమ చినిగిన చీరకును అంచు చెక్కుచెదరదు. నేతగాని బలమును అవ్వలు రెండవమారు వాడుకొనిరన్నమాట.

ఈ గుడ్డకొరతకును చరిత్ర గలదు. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయుల కప్పగించెను. ఇచ్చటి నల్లరేగడిలో ప్రత్తి పండును. దూదేకులవారు వింటితో దూదినేకిరి. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా ప్రత్తిధర మిన్నంటి, పిదప పడిపోయెను. తాడిపత్రి మీదుగా పోవు మద్రాసు రైలుమార్గము 1871లో రాయచూరున బొంబాయి మార్గముతో కలిసెను. ప్రత్తి పోయిన త్రోవనే సీమ మిల్లుబట్ట వచ్చెను. నేతగాండ్రు ఆ దెబ్బనుండి తేరుకొనకమునుపే 1876-78 నాటి ధాత కరవు వచ్చిపడెను. 1877లో కరవుపనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యమునకు, కొద్దిపాటి చిల్లరకు తగ్గించిరి. తిండిలేనివాడు క్రొత్తబట్ట కొనునా? మగ్గములు మూలబడెను. ఆనాడు ఈ ప్రాంతము బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది.

క్రాసుపట్టీ కుట్టుయంత్రముతో మనకు చేరువైనదని నా తలంపు. సింగరు తన యంత్రమునకు 1851లో అమెరికాలో పేటెంటు పొందెను. మన దేశమున 1930ల నుండి కలకత్తాలో ఉషా యంత్రములు తయారగుచు వచ్చెను. దర్జీలు రవిక మెడకు ఏటవాలు పట్టీ వేయుదురు. మిల్లుగుడ్డ తునకలు వారి అంగడిలో మిగులును. అట్టి తునకలు బొంతల కెక్కుట వింతకాదు.

మా యింట అవ్వ కుట్టిన బొంత యొకటి కలదు. క్రిందటేడు దాని అంచు చినుగగా, బాగుచేయుటకు విప్పి చూచితిమి. పైన పాలియెస్టరు క్రాసుపట్టీ, యంత్రపు కుట్టు. దాని క్రింద వెలిసిన మిల్లుగుడ్డ పట్టీ, చేతికుట్టు. అన్నిటికిని అడుగున ఎఱ్ఱని చీర అంచు. తరువాతివారు పాతదానిని విప్పక దానిపైననే క్రొత్తది వేయుచు పోయిరి. అడుగు అంచున కుట్లు కొన్ని తెగియుండెను గాని, నేత మాత్రము చెదరలేదు. మేమును దానిని తీయలేదు. పైనుండి మఱియొక పట్టీ వేసితిమి.