గురి కుదిరేదాకా

మంట ఇంకాస్త ఎగదోయండి, చలి ముదరతా ఉండాది. ఏందిరా అబ్బోడా, తుపాకి అంటే సినిమాలో మాదిరి తీసి కాల్చేస్తే సరిపోతాదనుకుంటివా? కాల్చడం ఒక్క క్షణం పని. దానికి ముందర గురి కుదర్చడం ఉండాదే, అది తెల్లారి మొదలుపెడితే పొద్దు నడినెత్తికి వచ్చినా తెగేది కాదు.

నా చిన్నప్పుడు మన భాకరాపేట దిక్కు అడివి ఇట్ట ఉండేది కాదు. పులులు ఉండె. కెన్నెత్ అండర్సన్ అని బెంగుళూరు దొర ఒకాయన ఉండె, 1910లో పుట్టి 1974లో పోయినాడు. 1954లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన చామల లోయ పులి కథ ఉండాది. ఇంకో పుస్తకంలో మామండూరు పులి కథ. నేను ఆయన్ని చూడలేదు, పెద్దయినాక ఎవరో చదివి చెప్తే విన్యా. ఆయన చేతిలో ఉండింది .405 వించెస్టర్, 1895 మోడలు. దాన్ని గీసినాయన జాన్ బ్రౌనింగ్. అమెరికా ప్రెసిడెంటుగా చేసిన రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకి షికారు పోతా ఎత్తుకపోయింది కూడా ఈ రకం తుపాకినే.

అదే రకం తుపాకి మా కామందు దగ్గిర ఒకటి ఉండె. మద్రాసు నుంచి తెచ్చినాడు. మీట చుట్టూ ఇనప పిడి ఉంటాది. దాన్ని కిందికి తోసి మళ్ళా పైకి లాగితే కాలిన తోటా ఎగిరి బయట పడతాది, కొత్తది లోపలికి ఎక్కుతాది. ఈ పిడి తుపాకుల్లో పాతవాటికి తోటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పండుకోనుంటాయి. అట్ట ఉంటే వెనక తోటా మొన ముందు తోటా అడుగుకి తగలతాది, కాబట్టి మొన వాడిగా ఉండే గుండ్లు దాంట్లో పెట్టకూడదు. 1895 దానికి మాత్రం నడుమన పెట్టె. ఆ బాధ లేదు.

గురికి అద్దాలూ గిద్దాలూ ఏమీ లేవు. గొట్టం కొసన ఒక చిన్న మొన, వెనకాల గాటు పెట్టిన ఇనప రేకు, అంతే. గాటు నడుమన మొన నిలబడాల, మొన మీద గుర్తు కూర్చోవాల. చెప్పడానికి ఇంతే.

చెరువు ఎండినాక కట్ట మొదట్లో చెక్క పాతేవాళ్ళం. చెక్క మీద సున్నంతో ఒక బొట్టు. కట్ట మీద ఆ కొస ఒకడు, ఈ కొస ఒకడు తువ్వాల పట్టుకోని నిలబడాల, మేకలోళ్ళు తెలీకుండా నడిచి వచ్చేస్తారని. అది నా పని. 50 గజాలు అడుగులతో కొలిచి, బల్ల వేసి, దాని మీద ఇసక మూట పెట్టేది. గొట్టాన్ని మూట మీద ఆనించకూడదు, గుండు పైకి ఎగరతాది. గొట్టం కింద ఉండే కట్టెనే ఆనించాల. పిడి తుపాకితో ఇంకో తంటా ఉండాది. ప్రతి దెబ్బకీ పిడి కిందికి తోయాల గదా, అది బల్లకి తగలతాది. అందుకని తుపాకి మూట మీంచి ఎత్తాల, పిడి ఆడించాల, మళ్ళా అదే చోట అదే మాదిరి పెట్టాల. పెట్టే తీరు మారితే గుండు పడే చోటూ మారతాది.

బోల్టు రైఫిలుకైతే బోల్టు ఊడబెరికి, గొట్టంలో నుంచి కంటితో చూసి సగం గురి కుదర్చుకోవచ్చు, ఒక్క తోటా కాల్చకుండా. దీనికి వెనకంతా మూసే ఉంటాది, చూడ్డానికి దోవ లేదు. కాల్చే తీరాల. లైసెన్సులో సంవత్సరానికి ఇన్ని తోటాలని రాసి ఉంటాది. పైగా మా కామందుకి తోటా అంటే ప్రాణం.

మూడు కాల్చి, గొట్టం చల్లారనిచ్చి, పోయి చూసేది. ఒక్క గుండు చూసి గురి మార్చకూడదు. అది చెయ్యి వణికి పడిందో, తుపాకి తప్పో ఎట్ట తెలుస్తాది? మూడూ ఒకచోట గుమిగూడి పడి, ఆ చోటు బొట్టుకి దూరంగా ఉంటేనే అది తుపాకి తప్పు.

ఇంగ ఆచారి పని. కంసాలి ఆచారిని ఇంట్లో నుంచి పిలుచుకోని వచ్చేవాళ్ళం. చిన్న సుత్తి, ఇత్తడి మొల తెచ్చేవాడు. ఇనప మొలతో కొడితే గాటు రేకు నలిగిపోతాది. ఆయనే నాకు లెక్క చెప్పినాడు. మొనకీ గాటుకీ నడుమ 20 అంగుళాలు అనుకో. 50 గజాలంటే 1800 అంగుళాలు. 90 రెట్లు. ఇక్కడ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, జరిగిందంటే అక్కడ గుండు 11 అంగుళాలు జరగతాది. అందుకే ఆయన తట్టే దెబ్బ మనకి కనపడేది కాదు, వినపడేది.

ఏ పక్కకి జరపాల? వెనకది గుండు పోవాల్సిన పక్కకి, ముందుది గుండు పోయిన పక్కకి. గుండు కుడికి పోయిందా, వెనక గాటుని ఎడమకి తట్టు. గుండు కిందికి పడతా ఉందా, గాటు రేకు కింద మెట్లు మెట్లుగా ఉండే ముక్కని ఒక మెట్టు ముందుకి తోసి గాటుని పైకి లేపు. ముందు మొనని ఆకురాయితో అరగదీసినా గుండు పైకి వస్తాది. కానీ అరగదీసింది మళ్ళా మొలవదు గదా, ఆచారి దాని జోలికి పోనిచ్చేవాడు కాదు.

కుదిరినాక గాటు రేకు మీద నుంచి గొట్టం మీదికి సన్నని గీత ఒకటి గీసేవాడు. రేకు జరిగిందంటే గీత విరిగినట్టు కనపడతాది.

ఒక ఏడు, చెనక్కాయ కాపులో అడివిపందులు చేను చేను దున్నేస్తా ఉండె. కామందు నేరబైలు దిక్కు పోయి బండిలో తిరిగి వస్తా ఉంటే, వంక దాటేకాడ తుపాకి జారి రాళ్ళ మీద పడింది. గీత విరిగుంది. ఆచారి చూసి, 'రెండు కాల్చి చూసుకోండి సామీ' అన్యాడు. 'రెండు తోటాలంటే రెండు పందులురా' అని కామందు గీతకి గీత కలిపేటట్టు చేత్తోనే నెట్టి, ఆ రాత్రే పోయినాడు. 40 గజాల్లో పంది. గుండు భుజంలో పడాల్సింది కడుపులో పడింది. తెల్లారి రక్తం చూసుకుంటా పొద పొద వెతకతా ఉంటే అది ఎదురుతిరిగి తోలేవాళ్ళల్లో ఒకడి తొడ చీల్చేసింది. యానాది పిల్లోడు, నా ఈడోడే. బతికినాడు గానీ మళ్ళా సక్కగా నడవలేదు. కామందు వాడికి అరెకరా రాసిచ్చినాడు. ఇచ్చినాడు లే, కానీ వాడు దాన్ని దున్నేదెట్ట?

అండర్సన్ కథల్లోనూ అదే కదా. మనుషుల్ని తినే పులుల్లో ఎన్నో, ఎవడో సరిగ్గా కాల్చక వదిలేసినవి. కాలో దవడో చెడి, జింకని పట్టలేక మనిషి మీద పడినవి.

దాని తర్వాత కామందు మారినాడు. ఊరు దాటి వస్తే చాలు, చెక్క పాతించేవాడు. రాత్రిపూట మొన కనపడదు కదా, మొన కొసకి సున్నం చుక్క పెట్టుకునేది. టార్చి గొట్టానికి బిగిస్తే ఆ బరువుకి గుండు ఇంకో చోట పడతాదని, టార్చి బిగించి కూడా కాల్చి చూసేవాడు. పొద్దున ఎండ ఒక పక్కనుంచి పడితే మొన ఆ పక్క మెరిసి కన్ను మోసపోతాదని, మబ్బు పట్టిన పూటే గురి చూసేది.

నాది నాటు తుపాకి. దానికి గాటూ లేదు, మెట్లూ లేవు. మందు కొలతే దాని గురి. చిట్టెడు మందుకి బదులు ఇంకాస్త పోస్తివంటే గుండు పైకి పోతాది. అందుకే కొలతకి పాత తోటా డొల్ల ఒకటి పెట్టుకోనుంటిని. అది కూడా కామందు ఇచ్చిందే.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి షికారు పోయింది. 1989లో ఈ కొండలు నేషనల్ పార్కు అయినాయి. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టాల, అయిపోయినాక తెచ్చుకోవాల. పలమనేరు దిక్కు ఏనుగులు దిగతా ఉండాయి, వాటి ముందర ఏ గురీ పనికిరాదు, టపాసులే గతి. కామందు పోయినాక కొడుకులు పిడి తుపాకిని సర్కారుకి అప్పజెప్పినారు. ఆ తోటాలు కంపెనీవాళ్ళే చేయడం మానేసినారని అప్పటికే అనుకునేవాళ్ళు. రెండు మిగిలుంటే వాటినీ రసీదులో రాయించుకోని ఇచ్చేసినారు.